అత్త కోసం తిరగబోసిన షాంపేన్

నా ఉద్యోగం రుచి చూసి ఉమ్మెయ్యడం. పెళ్లిళ్లలో చుట్టాలు అడిగితే ఇలాగే చెబుతాను. వాళ్లు నవ్వుతారు, నాకు ఒళ్లు మండుతుంది. అరకులోయలో రైతుల దగ్గర కాఫీగింజలు కొని బయటి దేశాలకు పంపే ఒక చిన్న సంస్థలో పని నాది. వేయించిన గింజల పొడి మీద వేడినీళ్లు పోసి, పైకి తేలిన తెట్టును చెంచాతో విరిచి వాసన చూస్తాను. చల్లారాక చెంచాడు కాఫీ చప్పుడయ్యేలా జుర్రి, నోరంతా తిప్పి, పక్కనున్న డబ్బాలో ఉమ్మేస్తాను. ఏ తోట గింజ తీయగా ఉంది, ఏది మట్టివాసన కొడుతోంది, ఎవరు సరిగ్గా ఎండబెట్టలేదు అన్నది నేను చెప్పాలి. అంత చదువు చదివి చివరికి ఉమ్మే కొలువా అని మా నాన్న నొచ్చుకున్నాడు. ఆయన అక్కకి మాత్రం నా ఉద్యోగం తెగ నచ్చేసింది.

"ఉమ్మీసినందుకు జీతమిత్తారేటే? నీ అదృట్టమే అదృట్టం గుంటా," అంది.

ఆవిడ నాకు మేనత్త. ఆవిడ కొడుకునే నేను చేసుకున్నాను. చీపురుపల్లి పక్క మా పల్లెల్లో మేనరికాన్ని ఎవరూ వింతగా చూడరు. అత్తగారూ, మీరూ లాంటి మర్యాదలు కూడా మా ఇంట్లో లేవు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అత్తా, నువ్వు. పోట్లాడినా అదే పిలుపు, అన్నం పెట్టమన్నా అదే. మా ఆయన రైల్వేలో సిగ్నళ్ల పని మీద అరకు మీదుగా పోయే కిరండూల్ లైనుకి వచ్చాడు, మామయ్య పోయాక అత్త కూడా మా వెంట అరకు వచ్చేసింది. కొండ మీద చలికి వారం కూడా ఉండదనుకున్నాం. కొండ దిగనని కూర్చుంది.

అత్తకి అడ్డపొగ అలవాటు. తెలియనివాళ్లకి చెప్పాలి. మా వైపు పాతకాలపు ఆడవాళ్లు చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని కాలుస్తారు. ఊడుపుల్లో వంగి ఉన్నప్పుడు గాలికీ చినుకుకీ చుట్ట ఆరిపోకూడదు, చేతులు రెండూ నారు మీద ఉండాలి, అందుకని మొదలైన అలవాటంటారు. నిప్పు నోట్లో ఉండగానే అత్త పాట పాడేది, నన్ను తిట్టేది. ఒక్కసారి కూడా నాలిక చురుక్కుమనడం నేను చూడలేదు. చిన్నప్పుడు అదొక విద్య అనుకుని, మా అత్తకి నిప్పు మింగడం వచ్చని బడిలో గొప్పలు చెప్పుకున్నాను.

అరకు ఇంట్లో ఆ విద్యతోనే గొడవ వచ్చింది. పొగ నా ముక్కుకి పడదు, ముక్కు పోతే నా కూడు పోతుంది. "నిప్పు నోట్లోనే ఉన్నాది గదే, పొగ బయిటికెలగొత్తాది?" అని వాదించేది. వాదించి వాదించి, చివరికి పెరట్లో పనసచెట్టు కిందికి పీట వేసుకుంది. అక్కణ్ణుంచే వంటింట్లో నేనేం చేస్తున్నానో కేకేసి అడిగేది.

మా ఇద్దరికీ బాగా కుదిరింది మాత్రం సంతరోజున. సంతకి కొండల మీంచి జీలుగు కల్లు వచ్చేది. పొద్దున దింపింది తెల్లగా, తియ్యగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ నురుగు కడుతుంది, ముక్కులోకి గుప్పున ఎక్కుతుంది. అత్త అడ్డాకు డొప్పలో పోయించుకుని, నాలుగు చుక్కలు నేల మీద విదిలించి, అప్పుడు తాగేది. అలా విదిలించడం ఇక్కడి ఆడవాళ్ల దగ్గర నేర్చుకుంది, వాళ్ల పెద్దల కోసమట. "మన పెద్దలకి కూడా దాహమేత్తాది గదే," అనేది. నేనూ ఒక గుక్క తాగి, ఈ చెట్టు కల్లులో కొబ్బరినీళ్ల తీపి ఉందని అంటే, కాదు ముంజెల తీపి అని ఆవిడ. ఇంటికి వచ్చేదాకా ఆ వాదన నడిచేది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మా ఆయన మా ఇద్దరినీ తప్పించుకుని ముందు నడిచిపోయేవాడు.

ఇక ఆ సీసా సంగతి. మా కాఫీ కొనడానికి ఏటా వచ్చే ఒక ఫ్రాన్సు పెద్దాయన, ఒక ఏడు నేను ఎంచిన గింజకి వాళ్ల దేశంలో మంచి పేరొచ్చిందని, మరుసటి ఏడు నా కోసం షాంపేన్ సీసా తెచ్చి ఇచ్చాడు. మామూలు షాంపేన్ కాదు, వింటేజ్. మామూలు వాటిలో నాలుగైదేళ్ల పంట కలిపేస్తారు. ఇది ఒక్క ఏటి ద్రాక్షతోనే చేసింది. ఎండా చలీ అన్నీ సమంగా కుదిరిన ఏడైతేనే సీసా మీద ఆ ఏడు వేస్తారు. సీసాలోనే రెండోసారి పులవనిచ్చి, అడుగున దిగిన మడ్డి మీదే ఏళ్ల తరబడి చీకటి నేలమాళిగలో పడుకోబెడతారు. బెంగుళూరులో మాకు రుచుల శిక్షణ ఇచ్చినప్పుడు నాలిక పదును పెట్టడానికి వైన్లు కూడా రుచి చూపించారు. ఇలాంటిది ఒక్కటే ఒక్క చుక్క చూశాను. అక్కడ కూడా ఉమ్మెయ్యమన్నారు.

అందుకని ఆ సీసా నాకు దేవుడి పటంతో సమానమైంది. చీకటిగా చల్లగా ఉండాలని మంచం కింద బంగాళాదుంపల బస్తా పక్కన పడుకోబెట్టాను. అత్త ఊడ్చినప్పుడల్లా దాన్ని నిలబెట్టేది. నేను మళ్లీ పడుకోబెట్టేదాన్ని. "సీసాని పడుకోబెడతారేటే, జొరమొచ్చినోడ్నాగ?" అనేది. బిరడా ఎండిపోకూడదు అత్తా అంటే, "బిరడా సంగతి నాకెందుకు, ఎప్పుడు తీత్తావో సెప్పు," అనేది. మంచిరోజు రావాలి అనేదాన్ని. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, మన ఇంట్లో సీసా కనబడితే ఏమంటారో చూసుకో అని మా ఆయన భయం. మంచిరోజులు చాలానే వచ్చాయి. దేనికీ దాన్ని తియ్యడానికి నాకు చేతులు రాలేదు.

అత్త కూరల్లో ఉప్పు ఎక్కువవడం మొదలైంది. మా ఆయన కళ్లతో సైగ చేస్తే నేను నవ్వేదాన్ని, పెద్దతనం అనుకున్నాం. తర్వాత కారం తినడం మానేసింది. చారు కూడా ఊదుకుని ఊదుకుని తాగేది. ఒకరోజు పెరట్లో పెరుగన్నం తింటూ దవడ పట్టుకుని ఆగిపోతే, నోరు తెరువు అన్నాను. తెరవనంది. మా సంస్థలో కాఫీ రుచి చూసే గదిలో నేను వాడే చిన్న టార్చిని నా సంచిలోంచి తెచ్చి, ముక్కు పట్టుకుని తెరిపించాను. అంగిలి, అంటే నోటి పైకప్పు, ఒక పక్క సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. దాని మధ్యలో ఎర్రగా పుండు.

"ఎన్నాళ్లయింది అత్తా?"

"పొగ తాగినోళ్లందరికీ ఉంటాదే. అమ్మకీ ఉండీది."

నాయనమ్మ దేనితో పోయిందో అప్పటిదాకా మాకు ఎవరూ పేరుపెట్టి చెప్పలేదు. తిండి దిగక పోయింది అనేవారు అంతే. ఆ రోజు పెరట్లో నిలబడి ఆ మాటకి అర్థం తెలుసుకున్నాను.

రైలెక్కి విశాఖపట్నం దిగాం. కేన్సర్ ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షకి పంపారు. అడ్డపొగ తాగేవాళ్లలోనే ఇలా అంగిలికి వస్తుందని, మీ వైపు నుంచి వచ్చే ముసలమ్మల్లో ఇది చాలానే చూస్తున్నామని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. అంగిలి ఒక పక్క, దాని మీది ఎముకతో సహా తీసెయ్యాలి. ఆ ఖాళీలో కట్టుడుపళ్ల లాంటి ప్లేటు పెడతారు. ఆ తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలి. ఆ కరెంటుకి నోట్లో ఉమ్మి ఆరిపోతుంది, రుచి పోతుంది, కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. చెయ్యకపోతే ఎన్నాళ్లు అని మా ఆయన అడిగాడు. ఆవిడ చెప్పింది. ఆ జవాబు నేను ఇక్కడ రాయను.

వరండాలో మా ఎదుట బల్ల మీద అంగిలి తీయించుకున్న ఒకావిడ పాలు తాగుతోంది. తాగిన పాలు ముక్కులోంచి కారుతుంటే తుండుగుడ్డతో ఒత్తుకుంటోంది. అత్త ఆవిడనే చూస్తూ కూర్చుంది. తిరుగు రైల్లో సొరంగాలన్నీ దాటి అరకు వచ్చేదాకా నోరు విప్పలేదు. ఇంట్లోకి అడుగుపెట్టాక అంది.

"నానెల్లను. ఉన్నన్నాళ్లు తింటాను, పోతాను. నోరు తీసీసినాక బతుకేటే?"

మా ఆయన బతిమాలాడు. ఊరినుంచి నాన్న ఫోన్లో అరిచాడు. ఏం లాభం లేదు. నాకు ఏడుపు కంటే ముందు కోపమే వస్తుంది, అదే వచ్చింది. నువ్వు పోతానంటే నేను కూడా తినను అన్నాను. ఉత్తి బెదిరింపు అనుకుంది. పొద్దున ఇడ్లీ ముట్టలేదు. మధ్యాహ్నం పప్పు పులుసు చేసి విస్తట్లో పెట్టి ఎదురుగా కూర్చుంది, కదల్లేదు. నా చిన్నతనంలో నేను అన్నం దగ్గర అలిగితే ఊరంతా వెంటబడి తినిపించిన మనిషి, ఆవిడకి నా ఆకలి పడదు. దీపాలు పెట్టే వేళకి నా పక్కకి వచ్చి కూర్చుంది.

"తినవే తల్లీ. ఎల్తాను. కానీ ఆ పడుకున్న సీసా లేపు. అది తాగి ఎల్తాను."

తినబోయే ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మా అత్త తన నోటికి తాను వీడ్కోలు చెప్పుకోబోతోంది, దానికి నేను దాచింది కావాలంది. ఇంతకంటే దేనికోసం దాచుంటాను అనిపించింది.

ఆసుపత్రిలో చేరడానికి ముందురోజు మధ్యాహ్నం తీశాం. మాఘమాసం, ఎండలో కూర్చున్నా వెన్ను వణికే చలి. సీసాని పొద్దున్నే బిందెడు నూతినీళ్లలో, ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలన్నీ వేసి ఉంచాను. పనసచెట్టు కింద చాప పరిచాను. నా గదిలోంచి సన్నటి గాజు గ్లాసులు రెండు తెచ్చాను. మా ఆయన స్టీలు గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. బిరడా ఢామ్మని ఎగరాలని అతని ఆశ. ఎగరకూడదు. తీగముడి విప్పి, బిరడాని గట్టిగా పట్టుకుని, సీసాని మెల్లిగా తిప్పాను. చిన్న నిట్టూర్పుతో ఊడింది.

"ఒలమ్మ, ఇదేటి ఇలగ నీరసంగున్నాది," అంది అత్త. మా ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వకుండా ఉంటే చూడడమే ఆ వారమంతా మాకు కష్టమైంది, ఆ రోజు మాత్రం ముగ్గురం నవ్వాం.

గ్లాసు వంచి పోశాను. పండిన గడ్డి రంగు. అడుగునుంచి సన్నటి బుడగలు బారుగా లేస్తున్నాయి. మంచి షాంపేన్‌లో బుడగ ఆవగింజ కంటే చిన్నదిగా ఉండాలి, ఆగకుండా లేవాలి. అత్త గ్లాసుని కంటికి దగ్గరగా పెట్టుకుంది.

"సీమలబారులాగ ఎక్కుతన్నాయే. ఎక్కడికెల్తన్నాయి?"

"పైకి వెళ్లి చచ్చిపోతాయి అత్తా," అన్నాను, అని నాలిక కరుచుకున్నాను.

ముందు నువ్వు తాగు అంది. వాసన చూశాను. పచ్చి యాపిలు, నిమ్మతొక్క, వాటి వెనక పొయ్యి మీంచి అప్పుడే దింపిన రొట్టె. గుక్క నోట్లో పెట్టుకున్నాను. మొదట పులుపు దూసుకొచ్చింది, బుడగలు నాలిక మీద విడిపోయాయి, అవి విడిపోయాక లోపలినుంచి బాదంపప్పు చేదు, పులిసిన పిండి కమ్మదనం, సముద్రం ఒడ్డున పెదాలు నాక్కుంటే తగిలే ఉప్పదనం. మింగాక కూడా పోలేదు. ఇలాంటిదాన్ని మొదటిసారి ఉమ్మకుండా మింగాను. కళ్లు మూసుకునే ఉన్నాను, ఎంతసేపో తెలియదు. తెరిచేసరికి అత్త నన్నే చూస్తోంది.

తర్వాత ఆవిడ తాగింది. తాగీ తాగగానే గ్లాసు చాప మీద పడేసి, రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్లనుంచి నీళ్లు ధారగా కారాయి. మా ఆయన మంచినీళ్ల కోసం పరుగెత్తాడు. పుండు మీద గ్యాసు పడితే ఎలా ఉంటుందో ఇంత చదువుకున్న నాకు తట్టలేదు. బాటిల్ చల్లదనం, గ్లాసు సన్నదనం, పోసే కోణం అన్నీ చూసుకున్నాను, తాగే నోరు చూసుకోలేదు. ఆపేద్దాం అత్తా, వద్దు అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మాట వచ్చాక, "దాంట్లో గేసు తీసీయే," అంది.

అప్పుడు నేను చేసిన పని ఆ ఫ్రాన్సు పెద్దాయన చూసుంటే గుండె ఆగి చచ్చేవాడు. రెండు స్టీలు గ్లాసులు తెచ్చాను. ఒకదాంట్లో షాంపేన్ పోసి, చెయ్యి పైకెత్తి, వేడికాఫీ చల్లార్చినట్టు రెండో గ్లాసులోకి తిరగబోశాను. నురుగు పొంగింది, మళ్లీ పోశాను. ఎవరో నేలమాళిగలో అన్నేళ్లు కాపలా కాసి పట్టిన బుడగలు. వాటిని ఎండలో నా చేత్తో ఒక్కొక్కటీ చంపాను. తిరగబోస్తూనే ఏడ్చాను. ఆ షాంపేన్ కోసం ఏడవలేదు. చెవి దగ్గర పెట్టుకుంటే చప్పుడు లేదు, వేలు ముంచితే చురుక్కు లేదు. చల్లదనం పోయి, చప్పగా, పలచటి కషాయంలా అయ్యాక అత్తకి ఇచ్చాను.

నాలుగు చుక్కలు నేల మీద విదిలించింది. గుక్క తీసుకుని, కళ్లు మూసుకుని, నేను చేసేలాగే నోట్లో తిప్పింది. మింగింది.

"తరవాణే," అంది. "పొద్దుటి తరవాణి."

అన్నం, గంజి కుండలో పులియబెట్టిన ఆ పుల్లటి నీళ్లని మా వైపు ఎండాకాలం పొద్దున్నే తాగుతాం. రొట్టె అనీ ఈస్టు అనీ బెంగుళూరు తరగతిలో మేం వెతుక్కున్న పదాలకి మా అత్త మా వంటింటి పేరు పెట్టేసింది. గ్యాసు చచ్చి, చల్లదనం పోయి, సగం పాడైన వైన్లోంచి కూడా ఆవిడ నాలిక దాన్ని పట్టుకుంది! కావలించుకున్నాను. మిగిలింది కూడా అలాగే తిరగబోయించుకుని, కొంచెం కొంచెంగా గ్లాసు ఖాళీ చేసింది. బావున్నాదే, శానా బావున్నాది అంది. మర్నాడు రైలెక్కి, కోయించుకోవడానికి వెళ్లింది.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. బాగా అంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కట్టు విప్పాక అత్త చెంప లోపలికి పోయింది. ప్లేటు పెట్టుకుంటే మాట ముక్కులోంచి వచ్చేది, పెట్టుకోకపోతే నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. కరెంటు పెట్టినన్నాళ్లూ నోరంతా పొక్కిపోయింది. జావ, గుడ్డు కలిపిన పాలు, మళ్లీ జావ. తినడం ఒక పని అయిపోయింది ఆవిడకి, ఊడుపుల కంటే పెద్ద పని. మా ఆయన ఎదుట మింగేసేది, అతను డ్యూటీకి వెళ్లగానే గిన్నె పక్కకి తోసేసేది. నేను రోజూ కాఫీ గదికి వెళ్లి పది తోటల రుచులు చూసి వచ్చేదాన్ని. ఇంటికొచ్చి ఆవిడ ముందు కూర్చోవాలంటే సిగ్గుగా ఉండేది.

నాకు ఊరట ఇచ్చింది ఆ తరవాణి మాట ఒక్కటే. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ ఆ కథ చెప్పాను. మా అత్త నోరు ఎలాంటి నోరనుకున్నారు, గ్యాసు తీసేసిన షాంపేన్‌లో తరవాణిని పట్టుకుంది అని. చెప్పినప్పుడల్లా కొత్తగా గర్వపడేదాన్ని. ఆ నోరు పోయే ముందు దానికి తగిన రుచి నేను చూపించాను కదా అని రాత్రి పడుకునే ముందు అనుకునేదాన్ని. ఒకసారి ఊరినుంచి వచ్చిన మా పిన్నికి చెబుతుంటే అత్త మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. పిన్ని బస్సెక్కాక నన్ను పిలిచింది.

"ఆ కత ఇంకెవులికీ సెప్పకే గుంటా."

"ఏం అత్తా, సిగ్గా?"

"అబద్దమే అది. నాకేటీ తెలవనేదు."

ప్లేటు సరిచేసుకుని, ఒక్కో మాటా తీసి ముందు పెట్టినట్టు చెప్పింది. అప్పటికే నాలిక చచ్చిపోయిందట. పుండు కనబడక ముందునుంచే. మంట తెలిసేదట, వేడి తెలిసేదట, రుచి లేదు. కూరల్లో ఉప్పు గుప్పిట లెక్కన వేసేసేదట. చెబితే మేం కంగారు పడతామని చెప్పలేదట.

"మరి తరవాణి అన్నావు?"

"నువ్వు ముందు తాగినావు గదా. నీ మొకం సూసి సెప్పినాను. సిన్నప్పుడు మా ఇంటికొచ్చి తరవాణి తాగితే అలగే కళ్లు మూసీసి, ఎడమ బుగ్గ లోపలికి లాగీదానివి. అదే మొకం."

"మరి సీసా ఎందుకు తియ్యమన్నావత్తా?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినబడింది.

"నువ్వెప్పుడూ ఉమ్మీడమే గదే. ఒక్కపాలైనా మింగుతావని." మళ్లీ తనే, "నాను పోతే నువ్వు దాన్ని తీయవు. దాసీసి ఉంచీత్తావు," అంది.

ముఖాలు చదవడం నాకు రాదు, నాలుకలు చదవడమే వచ్చు అనుకునేదాన్ని. అదీ రాలేదని తేలింది. రోజూ నా పక్కన కూర్చుని తిన్న మనిషి నోరు చచ్చిపోతే నేను పట్టుకోలేకపోయాను. ఆ పూట ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఆవిడ మాత్రం ఏడవలేదు, నా జడ విప్పి మళ్లీ అల్లింది.

ఆ వానాకాలం పోకముందే మెడలో గడ్డలు లేచాయి. ఇక ఏం చెయ్యలేమని, ముక్కులోంచి గొట్టం వేసి పంపించేశారు. జావ గొట్టంలోంచి పోసేవాళ్లం. నోటితో ఆవిడకి ఇక ఏ పనీ లేకుండా పోయింది. ఆవిడ ఆకలితో ఉంటే మేం తినడం పాపమనిపించి, నేనూ మా ఆయనా వంటింట్లో తలుపు చేరవేసుకుని గబగబా మింగేసి వచ్చేవాళ్లం. అత్త అది పసిగట్టింది. ఒకరోజు గొట్టంలో జావ పోసి గిన్నె కడుగుతుంటే చేత్తో పిలిచింది. ముక్కుతో వచ్చే ఆ మాటలు నాకే అర్థమవుతాయి.

"ఏటొండినావు?"

"ఎండునెత్తళ్ల పులుసు అత్తా."

"ఇక్కడికి తెచ్చుకో. నా ఎదుట తిను. నాను సూత్తాను."

వద్దన్నాను. కళ్లు పెద్దవి చేసింది, పాత కోపం. కంచం తెచ్చుకుని మంచానికి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. దిండుకి చేరగిలబడి, గొట్టం పక్కకి జరుపుకుని, సినిమాకి కూర్చున్నట్టు సర్దుకుంది. నేను అన్నంలో పులుసు కలిపి ముద్ద పెట్టుకున్నాను. పులుసు బాగా కుదిరింది. నెత్తళ్లు చింతపండులో నాని మెత్తబడ్డాయి. అంత బాగుందని తెలియగానే దుఃఖం పొంగుకొచ్చి ముద్ద గొంతులో ఆగిపోయింది, మింగలేను, కక్కలేను.

అత్త విసుక్కుంది. ఎండిపోయిన చెయ్యి ఎత్తి నా బుగ్గ మీద మెల్లిగా తట్టింది.

"ఏడుపు మొకం ఎట్టకే గుంటా. రుసి నాకు తెలవడం నేదు."

చెంగుతో ముఖం తుడుచుకుని, ఇంకో ముద్ద కలుపుకున్నాను.